సూరిగాడికి, కొత్త ఇంటి నుంచి

రామమూర్తినగర్, బెంగళూరు
30 నవంబరు 2025, రాత్రి పదకొండున్నర

ఒరేయ్ సూరిగా,

తిట్టుకో. ఎంత తిట్టినా పడతాను. నీ ఉత్తరం ఆగస్టులో అందింది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకదాని మీద పాలు ఒలికాయి. రెండోదాని వెనకాల మీ చెల్లెమ్మ డైపర్ల లెక్క రాసేసింది. మూడోది ఇల్లు మారేటప్పుడు ఏ అట్టపెట్టెలోకి పోయిందో ఇప్పటికీ దొరకలేదు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో ఈమధ్య నేను మాట్లాడేదల్లా "ఆఁ, ఉండరా, మళ్ళీ చేస్తా" ఒక్కటే. ఈ సంగతి అలా చెప్పేది కాదు. మన హాస్టలు మెట్ల మీద కూర్చుని, ఏడో నంబరు బకెట్టు బోర్లించి, తీరిగ్గా చెప్పాల్సింది.

ముందు మామూలు కబుర్లు గబగబా. అమ్మ సెప్టెంబరులో శేషాద్రి రైలుకి వచ్చింది, ఇక్కడే ఉంది, మోకాలు అలాగే ఉంది. నువ్వు పంపిన కాజాలు రెండు రోజుల్లో అయిపోయాయి. ఆఫీసు సరే. మీ చెల్లెమ్మ జనవరిలో మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలి, దాని గురించి వేరే రాస్తాను. ఒకే కాన్పు పిల్లలు ముగ్గురూ బాగున్నారు. పెద్దది బోర్లాపడుతోంది. నడిపిది దాన్ని చూసి గట్టిగా అరుస్తోంది. చిన్నోడు... వాడి దగ్గరికే వస్తున్నాను.

ఇల్లు కొన్నాం రా. దిగిపోయాం కూడా.

పాత ఇంట్లో ఒకటే పడగ్గది అని నీకు తెలుసుగా. రాత్రి ఒకరు ఏడిస్తే మిగతా ఇద్దరూ లేచేవాళ్ళు, ముగ్గురూ లేస్తే కింద ఓనరు గారు లేచేవారు. మేలో ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి రోజుకి ఎనిమిదిసార్లు పాలు, ముగ్గురికీ కలిపి ఇరవై నాలుగు. ఎవరికి ఎప్పుడు పట్టామో మర్చిపోతామని నోటుబుక్కులో మూడు గడులు గీసి టిక్కులు పెట్టేవాళ్ళం. ఇప్పటికి నాలుగు పుస్తకాలు నిండాయి. ఒకటి దాచి ఉంచుతాను, వస్తే చూద్దువు గాని. తెల్లవారుజామున మూడింటికి మీ చెల్లెమ్మ రాసిన అంకెలు చూస్తే నీకు ఏడుపొస్తుంది.

ఆదివారాలు ఒకళ్ళం పిల్లల దగ్గర, ఒకళ్ళం ఇళ్ళు చూడ్డానికి. కొత్త అపార్ట్‌మెంట్లు మన లెక్కకి అందవు. చివరికి దొరికింది ఇక్కడ, పన్నెండు ఇళ్ళున్న పాత బిల్డింగులో రెండో అంతస్తు. లిఫ్టు లేదు. హాల్లోకి అడుగుపెట్టగానే నేను చూసింది గోడలూ కిటికీలూ కాదు, శ్లాబులో ఉన్న కొక్కెం. ఉయ్యాల కొక్కెం. ఇల్లు కట్టినప్పుడే ఊచతో కలిపి పోత పోసింది. అది చూసి మీ చెల్లెమ్మ నా మొహంలోకి చూసింది. ఇద్దరం ఒకటే అనుకున్నాం: ఒక్కటే ఉంది.

అమ్మేది ఒక పెద్దాయన. మైసూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఐటిఐలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఐటిఐ అంటే మన వైపు ట్రైనింగ్ ఐటిఐ కాదురా, ఇక్కడ పక్కనే దూరవాణినగర్‌లో టెలిఫోన్ల ఫ్యాక్టరీ, 1948లో పెట్టింది. మన ప్రిన్సిపాల్ గదిలో వేలుతో తిప్పే నల్ల ఫోను ఉండేదే, అలాంటివి చేసిన చోటు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతారు, నాకు హాయిగా అర్థమవుతుంది.

అరవై రెండు లక్షలకి కుదిరింది. బ్యాంకు ఇచ్చేది 80 శాతమే, అంటే 49 లక్షల 60 వేలు. మిగతాది మనం తేవాలి, పైన స్టాంపు ఖర్చులు వేరే, వాటికి అప్పు ఇవ్వరు. జులైలోనే అంతా అయిపోవాల్సింది. కానీ ఇప్పుడు ఇక్కడ ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరిదో చెప్పే కార్పొరేషను వాళ్ళ ఆన్‌లైను రికార్డు, లేకుండా రిజిస్ట్రేషను చెయ్యరు. ఆయన దగ్గర పాత కాగితం ఖాతానే ఉంది. అది ఆన్‌లైనులోకి ఎక్కేసరికి సెప్టెంబరు దాటింది. ఈలోపు ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషను ఫీజు ఒక శాతం నుంచి రెండు శాతం చేశారు. మాకు సరిగ్గా 62 వేలు ఎక్కువ పడింది. స్టాంపు డ్యూటీ, సెస్సులు, ఫీజు అన్నీ కలిపి 4 లక్షల 71 వేలు. ఆ రాత్రి నేను వంటింట్లో నేల మీద కూర్చున్నాను. 62 వేలంటే ఎన్ని పాలడబ్బాలో లెక్కకట్టాను. పెద్దాయనకి ఒక్క మాట కూడా అనలేదు, ఆయన తప్పేముంది. కానీ ఆయనకి తెలుసు. మర్నాడు ఫోన్ చేసి "నన్నింద ఆయ్తు కణప్పా" అన్నారు. నా వల్లే అయింది అని. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇక రిజిస్ట్రేషను రోజు. అక్టోబరు మధ్యలో. ఇల్లు ఇద్దరి పేరా కాబట్టి ఇద్దరం వెళ్ళి కూర్చోవాలి. ఫోటో, వేలిముద్ర. కాబట్టి పిల్లలూ రావాల్సిందే. ఐదు నెలల పిల్లలు, అయితే ఏడు వారాలు ముందే పుట్టారని డాక్టరమ్మ లెక్కలో మూడున్నర నెలలే. ఒకరినైనా ఇంట్లో వదిలేద్దామంటే చూసుకునే మనిషి లేదు. అమ్మ, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, పాల సీసాలు, ఫ్లాస్కు, డైపర్ల సంచి, దస్తావేజుల ఫైలు. ఆటో అతను మమ్మల్ని చూసి ఊరు ఖాళీ చేస్తున్నారా అని అడిగాడు.

మా స్లాటు పదకొండున్నరకి. పన్నెండైంది, ఒంటిగంటైంది. సర్వరు లేదు. ఆ హాలు ఎలా ఉందంటే మన పరీక్ష ఫీజు చివరిరోజు కౌంటరు గుర్తుందా, అలా. బయట వాన. నడిపిది అమ్మ ఒళ్ళో నిద్రపోయింది. పెద్దది డీడీ పట్టుకొచ్చిన బ్యాంకు కుర్రాడి చేతుల్లోకి ఎలా వెళ్ళిందో నాకు తెలీదు, వెళ్ళింది, అతని ఐడీ కార్డు చప్పరించబోతే అతను చొక్కా లోపల దాచుకున్నాడు. చిన్నోడు మాత్రం నన్ను వదలడు.

వాడి సంగతి నీకు సగమే చెప్పాను. పుట్టినప్పుడు కిలో 280 గ్రాములు. అద్దాలపెట్టెలోంచి బయటికి తీశాక నర్సమ్మ నా చొక్కా విప్పించి, వాణ్ణి డైపరుతో నా ఛాతీ మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. కంగారూ కేర్ అంటారు. ఎక్కడో కొలంబియాలో, బొగోటాలో, 1978లో అద్దాలపెట్టెలు చాలక ఒక డాక్టరు మొదలుపెట్టాడట. తల్లి ఒంటి వేడే పెట్టె అన్నమాట. మీ చెల్లెమ్మ దగ్గర ఒకరుంటే నా దగ్గర ఒకరు. రోజుకి ఐదారు గంటలు అలా కదలకుండా కూర్చునేవాణ్ణి. సూరీ, వాడి గుండె నా చర్మానికి తగిలేది రా. వేలితో తలుపు కొట్టినట్టు, చాలా వేగంగా. నేను ఎప్పటికీ... సరే. అప్పట్నుంచి వాడికి ఛాతీ మీద తప్ప నిద్ర రాదు. అది కూడా నాదో, వాళ్ళమ్మదో.

రెండింటికి సర్వరు వచ్చింది. ముందు అమ్మేవాళ్ళు. పెద్దాయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఫోటో అయింది. ఎడమ బొటనవేలు పెట్టమన్నారు. పడలేదు. మళ్ళీ. పడలేదు. ఆరుసార్లు. ముప్పై ఏళ్ళు ఇనుముతో పనిచేసిన వేలు, గీతలు అరిగి నున్నగా అయిపోయింది. దానికితోడు మా పాపం ఒకటుంది: పొద్దున పిల్లల్ని ముట్టుకోబోతే మీ చెల్లెమ్మ ఆయన చేతుల్లో శానిటైజరు పోసింది, రెండుసార్లు. ఉన్న కాస్త తడీ ఆరిపోయింది. ఆపరేటరు "ఒద్దె మాడి సార్, ఒద్దె మాడి" అంటున్నాడు, తడి చెయ్యండి అని. ఆయన బాత్రూముకెళ్ళి కడుక్కొచ్చారు. నుదుటికి రుద్దుకున్నారు. లాభం లేదు. ఆపరేటరు పక్కన కూర్చోమని ఇంకొకళ్ళని పిలిచాడు. మళ్ళీ స్లాటు తీసుకోవాల్సి వస్తుందేమో అని వెనకాల ఎవరో అన్నారు. నా కడుపులో ఏదో జారిపోయింది.

పెద్దాయన వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుని బొటనవేలి వంకే చూసుకుంటున్నారు. అప్పుడే మీ చెల్లెమ్మ ఏదో కాగితం జిరాక్సు లేదని నన్ను పిలిచింది. చిన్నోణ్ణి ఎవరికివ్వాలి? "కొడప్పా ఇల్లి" అని చేతులు చాపారాయన. ఇచ్చేశాను. ఏడుస్తాడని తెలిసే ఇచ్చాను.

జిరాక్సు తీసుకుని పది నిమిషాలకి వచ్చి చూద్దును కదా, వాడు ఆయన ఛాతీ మీద చెంప ఆనించి, ఆయన ఎడమ బొటనవేలు పిడికిట్లో బిగించి పట్టుకుని నిద్రపోతున్నాడు. నోరు తెరిచే ఉంది. చొల్లు ధారగా కారి వాడి గుప్పిట్లోంచి ఆయన వేలి మీద పడుతోంది. పెద్దాయన ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. చొక్కా జేబులో పెన్ను వాడికి గుచ్చుకుంటుందని తీసి పళ్ళమధ్య పెట్టుకున్నారు.

ఆపరేటరు పిలిచాడు. నేను చిన్నోణ్ణి తీసుకోబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి, వాణ్ణి అలాగే పొదువుకుని లేచి వెళ్ళి కూర్చుని, వాడి పిడికిట్లోంచి వేలు మెల్లిగా లాగి, తుడుచుకోకుండా, అలాగే ఆ అద్దం మీద పెట్టారు.

పడింది రా! మొదటిసారికే! తెర మీద బొటనవేలు గీతలు గీతలుగా, కోనసీమ పొలాల గట్ల లాగా. ఆపరేటరు నవ్వాడు, వెనకాల వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు, అమ్మ దండం పెట్టేసింది. మీ చెల్లెమ్మ మాత్రం ఆ సందట్లోనే వాడి చెయ్యి తుడవడానికి పరిగెత్తింది.

మేం సంతకాలు పెట్టి బయటికి వచ్చేసరికి నాలుగున్నర. వాన తగ్గింది. ఆయన మమ్మల్ని అడిగిందల్లా రెండు మాటలు. ఖాళీ చెయ్యడానికి పది రోజులు కావాలన్నారు. తర్వాత చిన్నోణ్ణి నాకిస్తూ, బరువు చూసినట్టు చేతుల్లో రెండుసార్లు ఎత్తి, "ఎష్టు కేజీ?" అన్నారు. ఐదు అన్నాను. మిగతా ఇద్దరివీ చెప్పాను. తలూపి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. ఎందుకడిగారో నాకు తట్టలేదు.

కార్తీకంలో ముహూర్తం. తెల్లవారుజామున పాలు పొంగించాం, అటు గిన్నె పొంగుతుంటే ఇటు ముగ్గురూ ఆకలికి ఏడుపు. సామాను మధ్యాహ్నం వచ్చింది. అదంతా మళ్ళీ రాస్తాను. నేను చెప్పాలనుకుంటున్నది తాళం తీసిన క్షణం.

ముహూర్తానికి ముందురోజు సాయంత్రం కడిగించడానికని నేనొక్కణ్ణే వచ్చాను. తలుపు తియ్యగానే పెయింటు వాసన. గోడలకి మేం రంగు వెయ్యనేలేదు. హాల్లో లైటు వేశాను. ఈ గోడ నుంచి ఆ గోడకి, శ్లాబుకి జానెడు కిందగా, ఇనుప పైపు. రెండు చివర్లా గోడలో ఇనుప పలకలు దిగగొట్టి బోల్టులు బిగించారు. నడిమధ్యలో పాత కొక్కేనికి గొలుసుతో దన్ను. పైపుకి మూడు కొక్కేలు. మూడు సూరీ! ఒక ఉయ్యాల ఊగితే పక్కదానికి తగలకుండా ఎడం ఇచ్చి, ఊగినా పక్కకి జరక్కుండా ఒక్కో కొక్కేనికీ అటూ ఇటూ చిన్న వాషరు వెల్డింగు చేసి. మొత్తానికీ ఆకుపచ్చ రంగు, మన వర్క్‌షాపులో లేతు మిషన్లకి ఉండేదే, ఆ రంగు. చెయ్యి పెట్టి చూశాను. ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలికి అంటింది.

ఎదురింటామె వచ్చి చెప్పింది. ఆయన ఐదు రోజులు పట్టి చేశారట, ఇంట్లో సామాను సర్దుకోకుండా. పాత ఫ్యాక్టరీ స్నేహితుడొకాయన వచ్చి నిచ్చెన పట్టుకునేవాడట. అయ్యాక, పాతికేసి కేజీల బియ్యం బస్తాలు మూడు తెప్పించి, మూడు కొక్కేలకీ తగిలించి, రెండు రోజులు అలాగే వేలాడదీశారట. మధ్యమధ్య తోసి ఊపి చూసేవారట. ఆ బస్తాల్లో ఒకటి వంటింట్లో మాకే ఉంచి వెళ్ళారు.

నేను ఆ పైపు కింద నేల మీద కూర్చుండిపోయాను రా. కడిగే మనిషి వచ్చి బెల్లు కొట్టేదాకా లేవలేదు. ఆ 62 వేల సంగతి ఆయన మర్చిపోలేదని అనిపించింది. లేక అదేం కాదేమో, ఊరికే... నాకు తెలీదు. నువ్వైతే ఏమనుకుంటావో రాయి.

రాత్రి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక "సార్, చూశాను" అన్నాను. అవతల కాసేపు ఏమీ లేదు. తర్వాత, "రంగు ఆరిందాకా పిల్లల్ని తగిలించొద్దు" అన్నారు తెలుగులో. ఇంకా ఏదో చెప్పబోయి ఆగి, "మధ్యదల్లి యారు?" అని అడిగారు. నడిమి ఉయ్యాల్లో ఎవరు అని.

చిన్నోడే సార్, అన్నాను.

వాడు ఇప్పుడు ఉయ్యాల్లో పడుకుంటున్నాడు సూరీ. ఛాతీ మీద కాదు. మొదటి రాత్రి నాకే నిద్ర పట్టలేదు. అమ్మ పాత చీరలు మూడు కట్టాం, నడుమది నీకు తెలిసిన చీరే, పాలిటెక్నిక్‌లో మనకి క్యారేజీ చుట్టి పంపేదే, ఆ నీలం

ఇదిగో పెద్దది లేచింది. నడిపిది కూడా. సంక్రాంతికి ఇటే రా, ఇక్కడే పడుకుందువు గాని, ఆ బకె