దేవప్రయాగలో రెండు రాత్రులు ఆగండి

దేవప్రయాగ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన చార్‌ధామ్ ప్యాకేజీ వివరాలు చూశాను. దేవప్రయాగకి ఇరవై నిమిషాలు ఇచ్చాడు! పై రోడ్డు మీద బండి ఆపడం, సంగమం కనపడేలా ఫొటో దిగడం, టీ తాగి మళ్ళీ ఎక్కెయ్యడం. మన వైపు నుంచి వచ్చే బస్సులు చాలావరకు ఇంతే. బ్యాంకు నుంచి ఇంటికి వెళ్తూ అవి చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిన్నినీ బాబాయినీ తీసుకొస్తున్నావు, ఇక్కడ కనీసం రెండు రాత్రులు ఉండేలా మార్పించు.

అసలు ఊరు రోడ్డు మీద లేదురా, కింద ఉంది. రెండు నదుల మధ్య కొండవాలుని పట్టుకుని ఇళ్ళన్నీ ఒకదాని నెత్తి మీద ఒకటి. వీధులంటే మెట్లే. గ్యాస్ బండ కూడా ఒకడు వీపు మీద మోసుకొస్తాడు. పిన్ని మోకాళ్ళ సంగతి నాకు గుర్తుంది. మధ్యమధ్య అరుగుల మీద కూర్చుంటూ నెమ్మదిగా దిగుదాం.

గంగోత్రి వైపు నుంచి భాగీరథి, బదరీ వైపు నుంచి అలకనంద వచ్చి కలిసేది ఇక్కడే. ఆ రెండూ కలిశాకే గంగ అన్న పేరు. ఇక్కడివాళ్ళు వాటిని అత్తాకోడళ్ళంటారు. గలగలా అరుస్తూ వచ్చే భాగీరథి అత్తగారు, కిక్కురుమనకుండా వచ్చే అలకనంద కోడలు. పైన టెహ్రీ డ్యామ్ కట్టాక అత్తగారి గొంతు తగ్గిందని మా ఇంటి ఓనరు ఆంటీ అంటుంది. వానాకాలంలో చూడాలి! అలకనంద బురదరంగులో ఉరకలేస్తుంటే భాగీరథి పచ్చగా ఉంటుంది. ఒండ్రు చాలావరకు టెహ్రీ జలాశయంలోనే కిందికి దిగిపోతుంది మరి. రెండు రంగులూ కాసేపు కలవకుండా పక్కపక్కనే నడుస్తాయి. స్నానానికి ఘాట్ దగ్గర ఇనప గొలుసులు ఉన్నాయి. బాబాయికి ఈత వచ్చు కదా అని వదిలెయ్యకు, గొలుసు పట్టుకునే మునగాలి. మంచు కరిగిన నీళ్ళు, ఒళ్ళు కొయ్యబారిపోతుంది. పైన డ్యాముల నుంచి నీళ్ళు వదిలితే మట్టం చూస్తుండగానే పెరుగుతుంది.

ఘాట్ పైన రఘునాథ మందిరం. రావణుణ్ణి చంపిన పాపం పోవడానికి రాముడు ఇక్కడ తపస్సు చేశాడని చెప్తారు. ఆళ్వార్లు పాడిన 108 విష్ణు క్షేత్రాలు, అంటే దివ్యదేశాల్లో ఇదొకటి, పెరియాళ్వార్ పాశురాల్లో ఉన్న క్షేత్రం. 1803 భూకంపంలో దెబ్బతింటే గ్వాలియర్ మరాఠా రాజు దౌలత్‌రావు సింధియా బాగు చేయించాడట. సాయంత్రం హారతి వేళకి వెళ్దాం, జనం ఉండరు.

నువ్వు తప్పకుండా చూడాల్సింది ఇంకొకటి ఉంది. బదరీనాథ్ పండాలు, అంటే యాత్రికులకి పూజలు చేయించే పురోహితులు, వాళ్ళ ఇళ్ళు చాలావరకు ఈ ఊళ్ళోనే. దక్షిణాది యాత్రికుల్ని తరతరాలుగా చూసుకునేది వీళ్ళే. గుడి తెరిచినన్నాళ్ళూ పైన బదరీలో ఉంటారు, చలికాలంలో కొందరు తమ యాత్రికుల కుటుంబాల్ని కలవడానికి మన ఊళ్ళకీ వస్తారు. మా బ్యాంకుకి వచ్చే ఒక పెద్దాయన నేను తెలుగువాణ్ణని తెలిసి, చక్కటి తెలుగులో "ఏ ఊరండీ మీది?" అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి ఎర్రగుడ్డలో చుట్టిన బహీ విప్పాడు. పొడుగ్గా, సన్నగా ఉండే పద్దు పుస్తకం. అంచులు నలిగి మెత్తబడిపోయాయి. పేజీ నిండా నల్లసిరాతో తెలుగు అక్షరాలు: రాజోలు తాలూకా, ఊరు, గోత్రం, తండ్రి పేరు, తాత పేరు, వెంట వచ్చినవాళ్ళ పేర్లు. సంతకం రాని ఎవరిదో పక్కన వేలిముద్ర. ఆ రోజుల్లో ఇంటి దగ్గర అప్పగింతలు పెట్టి, తిరిగొస్తామో రామో తెలియకుండా నడిచి వచ్చిన మనుషులురా వాళ్ళు. నాకు కళ్ళు చెమర్చాయి.

తిండికి భయపడకండి. ఉలవలు ఇక్కడ మనకంటే ఎక్కువ తింటారు. నానబెట్టి రుబ్బి ఫాణూ అని చిక్కగా కాస్తారు, అన్నంలోకి బాగుంటుంది. రాగిరొట్టె మీద నెయ్యి వేసి ఇస్తారు. పెళ్ళిళ్ళలో అర్సాలు పెడతారు, అచ్చం మన అరిసెలే! బియ్యం నానబోసి దంచి, బెల్లం పాకంలో కలిపి, ఆవనూనెలో వేయిస్తారు. చెక్కతో ఒత్తి నూనె తియ్యడం మాత్రం నేను చూడలేదు. ఆవనూనె వాసన మొదట కొత్తగా ఉంటుంది, తర్వాత అదే కావాలనిపిస్తుంది.

ఓపిక ఉంటే నువ్వూ నేనూ పైన దశరథాచలం మీదున్న నక్షత్ర వేధశాలకి వెళ్దాం. 1946లో ఆచార్య చక్రధర్ జోషి పెట్టింది. పాత టెలిస్కోపులు, తాళపత్రాలు, రాతప్రతులు ఉన్నాయి. చీకటి పడకముందే దిగిపోవాలి, చిరుతలు తిరుగుతాయి.

ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఋషికేశ్ నుంచి కర్ణప్రయాగకి 125 కిలోమీటర్ల రైలుమార్గం వేస్తున్నారు. దేవప్రయాగ నుంచి జనాసూ దాకా పద్నాలుగున్నర కిలోమీటర్ల సొరంగం, 2025 ఏప్రిల్‌లో అవతలికి తవ్వేశారు. ఆస్పత్రికి పోవాల్సిన ఇక్కడివాళ్ళకి అది వరమే, రావాల్సిందే. కానీ రైళ్ళు మొదలైతే ఆ ఇరవై నిమిషాలు కూడా ఆగరేమో, కొండ కడుపులోంచి వెళ్ళిపోతారు. ఆలోపు మనవాళ్ళు ఈ మెట్లు దిగాలని నా ఆశ.

బాబాయిని అడిగి మీ గోత్రం, పాత తాలూకా పేరు, ముత్తాతగారి పేరు రాసి పంపు. మీ తాలూకా బహీ ఎవరి దగ్గరుందో కనుక్కుని ఉంచుతాను. గది నేను చూస్తాను, నది వైపు కిటికీ ఉన్నదే. ట్రావెల్స్‌వాడికి డబ్బు కట్టేలోపు ఫోన్ చెయ్యి. వచ్చేటప్పుడు పిన్ని చేతి కందిపొడి తప్పకుండా పట్టుకురా.

నీ
రాంబాబు