ఆవిరి ఇంజిన్‌ని బొమ్మల్లో కలపకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం సంచికలో మోడల్ రైళ్ల మీద మీరు వేసిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కరెంటుతో నడిచే రైళ్ల గురించి రాసిందంతా బాగుంది. ఆవిరితో నడిచే చిన్న ఇంజిన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టారు. అందులో ఒకటి, పిల్లలకు పుట్టినరోజు కానుకగా ఇవ్వడానికి ఇది చక్కటి బొమ్మ అని. అది చదివాక ఊరుకోలేకపోయాను.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఏడేళ్ల కిందట మా అన్నయ్య పోయినప్పుడు ఆయన ప్రాణంగా చూసుకున్న ఆవిరి ఇంజిన్ నా చేతికొచ్చింది. మూరెడు పొడవు కూడా ఉండదు. అసలు ఇంజిన్‌లో ముప్పై రెండో వంతు, 45 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద నడుస్తుంది. చూడ్డానికి బొమ్మే. కానీ లోపల రాగి బాయిలర్, అందులో నీళ్లు, గొట్టంలో గ్యాస్ మంట. ప్రెజర్ గేజ్ ముల్లు చదరపు అంగుళానికి 40 పౌండ్ల దగ్గరికి చేరేసరికి లోపలి నీళ్ల వేడి సుమారు 140 డిగ్రీల సెల్సియస్. గిన్నెలో మరిగే నీళ్లే చెయ్యి కాలుస్తాయి. ఇవి వాటికన్నా 40 డిగ్రీలు ఎక్కువ.

దీన్ని పట్టాల మీదికి ఎక్కించడం స్విచ్ వేసినంత తేలిక కాదు. ముందు నూనె. ఇంజిన్ పక్కన అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని స్టీమ్ ఆయిల్‌తో నింపాలి. మోటారు బండ్లలో పోసే ఆయిల్ పనికిరాదు. తడి ఆవిరికి కొట్టుకుపోకుండా సిలిండర్‌ని పట్టుకుని ఉండే చిక్కటి నూనె ఇది. ఆవిరి కొంచెం ఆ డబ్బాలోకి చొరబడి, చల్లబడి, నీటిబొట్టవుతుంది. నీరు నూనె కన్నా బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. అది దిగినంత మేర నూనె పైకి లేచి ఆవిరితో కలిసి సిలిండర్లకు పోతుంది. పంపు లేదు, స్ప్రింగు లేదు. ఇంజిన్ ఆపాక డబ్బా అడుగున మర విప్పితే నీళ్లు వస్తాయి. ఎన్ని నీళ్లు వచ్చాయో అంత నూనె సిలిండర్లకు అందినట్టు లెక్క. తొమ్మిదో తరగతిలో సాంద్రత పాఠం వచ్చినప్పుడు నేను బోర్డు మీద రాయడం మానేసి ఈ డబ్బా విప్పి చూపిస్తాను.

తర్వాత ఆవిరిని సిలిండర్లలోకి వదిలే రెగ్యులేటర్ తెరిస్తే ఇంజిన్ వెంటనే పరుగెత్తదు. సిలిండర్లు చల్లగా ఉంటాయి, అందులోకి వెళ్లిన ఆవిరి వెళ్లినట్టే నీరైపోతుంది. నీరు ఆవిరిలా నొక్కుకుపోదు, పిస్టన్‌కి అడ్డం పడుతుంది. కాబట్టి గ్లౌజు వేసుకుని ఇంజిన్‌ని ముందుకీ వెనక్కీ మెల్లగా నెట్టాలి. పొగగొట్టంలోంచి వేడి నీళ్లు చిమ్ముతాయి. సరిగ్గా ఆ సమయంలోనే పిల్లలు ముచ్చటపడి మొహం దాని మీదికి వంచుతారు. కానుక అని రాసేముందు మీ విలేకరి ఈ ఒక్కటీ చూసి ఉంటే ఎంత బాగుండేదో.

చిన్నది కాబట్టి సులువు అనుకుంటారు. నిజానికి చిన్నదవడమే కష్టం. కొలతలు ముప్పై రెండో వంతుకి దిగితే బాయిలర్ పైతలం 1,024వ వంతు అవుతుంది, లోపల పట్టే నీళ్లు 32,768వ వంతు. వేడిని దాచే నీళ్లు అంతగా తగ్గిపోయి, వేడిని పోగొట్టే పైతలం మాత్రం అంతగా తగ్గదు, కాబట్టి వేడి త్వరగా పోతుంది. ఇలాంటి చిన్న బాయిలర్‌లో బొగ్గు మంటతో అసలు పని జరుగుతుందా అని 1920లలో ఇంగ్లండ్‌లో పెద్ద వాదనే నడిచింది. ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసే ఒకాయన బొగ్గుతో నడిచే తన అయేషా ఇంజిన్‌ని రెండున్నర అంగుళాల ఎడం ఉన్న పట్టాలెక్కించి, పెద్దవాళ్లని కూర్చోబెట్టి లాగించి చూపించారు. ఆయన మాటలతో కాదు, బాయిలర్‌తో గెలిచారు.

ఇక ప్రమాదం సంగతి. చాలామంది ఇంజిన్ పేలుతుందేమో అని భయపడతారు. సేఫ్టీ వాల్వ్ సరిగా పనిచేస్తున్నంత కాలం ఒత్తిడి గీత దాటదు. నన్ను భయపెట్టేది నీళ్లు అడుగంటడం. నాలాంటి గ్యాస్ ఇంజిన్లలో నీళ్లు ఇంకా మిగిలి ఉండగానే గ్యాస్ అయిపోయేలా ట్యాంకు కొలత పెడతారు. రెండూ కలిపే నింపుకోవాలి. మూడేళ్ల కిందట ఒకరోజు చుట్టాలతో మాటల్లో పడి గ్యాస్ మాత్రం మళ్లీ నింపాను, నీళ్లు పోయలేదు. ముందు చప్పుడు మారింది. ఛక్ ఛక్‌మనే శబ్దం పలచబడి ఈల గాలిలా వచ్చింది. ఆ వెంటనే రంగు మాడిన వాసన. పరుగున వెళ్లి గ్యాస్ కట్టేశాను. ఎండిన బాయిలర్‌లో చన్నీళ్లు పోయకూడదని అన్నయ్య చెప్పిన మాట గుర్తుండి, చల్లారేదాకా దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడే టెస్టుకి ఇచ్చాను. బాయిలర్‌ని గాలి అన్నది లేకుండా చన్నీళ్లతో నింపి, పంపుతో 60 పౌండ్ల దాకా, అంటే నడిపే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించారు. నీళ్లతోనే ఎందుకంటే, అతుకు ఊడినా నీళ్లు కారతాయి తప్ప బాయిలర్ పేలదు. చూస్తుండగానే ఒక అతుకు దగ్గర చెమట పట్టినట్టు సన్నగా తడి కనబడింది. అది బాగుచేసి, మళ్లీ పరీక్ష చేసి, సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఇంజిన్ అలమారాలోనే ఉంది.

ఆ తర్వాత ఒకసారి పాత ఇంజిన్ కొందామని వెళ్తే నేను బాయిలర్ సర్టిఫికెట్ అడిగినందుకు అమ్మేవాళ్లు, 'బొమ్మకి సర్టిఫికెట్టేంటమ్మా' అన్నారు. మీ వ్యాసంలో అదే మాట కనిపించేసరికి కోపం కన్నా బాధే ఎక్కువ కలిగింది.

నేను పిల్లల్ని దూరం పెట్టమనడం లేదు. మా స్కూలు పిల్లలు గ్లౌజులు, కళ్లజోడు పెట్టుకుని, నా పక్కన నిలబడి రెగ్యులేటర్ తిప్పుతారు. గ్యాస్ నింపడం, వెలిగించడం మాత్రం నా పని. వచ్చే ఆదివారం సవరణ వేయండి. ఒక్క వాక్యం చాలు: ఆవిరి ఇంజిన్ కొనేవారు ముందు బాయిలర్ టెస్ట్ సర్టిఫికెట్ అడగాలి, పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ టీచర్