ఆట ఆపడం రిఫరీల తప్పా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ క్రీడల పేజీలో బాస్కెట్‌బాల్ ఫైనల్ గురించి వచ్చిన రిపోర్టు చదివినప్పటి నుంచి మనసు కుదుటపడటం లేదు. ఆ రోజు ఏం జరిగిందో చూసినవాళ్లందరికీ తెలుసు. పైకప్పు నుంచి నీళ్లు కారాయి. రిఫరీ విజిల్ వేసి ఆట ఆపారు, నేల తుడిపించారు, షాట్ క్లాక్ (బంతి ఉన్న జట్టు ఎన్ని సెకన్లలోపు షాట్ వేయాలో చూపే గడియారం) సరిచేయించి మళ్లీ మొదలుపెట్టారు. మీ విలేకరి దానికి ‘రిఫరీల అయోమయం’ అని హెడ్డింగ్ పెట్టారు. కారిన కప్పు గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

తడి నేల మీద ఆడించాలా? వేగంగా పరిగెత్తి, ఉన్నట్టుండి ఆగి, పక్కకు తిరిగే ఆట ఇది. మోకాలు ఒక్కసారి మెలితిరిగితే ఆటగాడికి ఆ సీజన్ పోయినట్టే. 2012 నవంబర్ 9న అమెరికాలో నౌకాదళ ఓడల మీద పెట్టిన కాలేజీ మ్యాచ్‌లలో ఒకటి సగంలో ఆగింది, ఇంకొకటి రద్దయింది. కోర్టు మీద చెమ్మ చేరడమే కారణం. 2016 నవంబర్ 30న ఫిలడెల్ఫియాలో జరగాల్సిన ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌ను కూడా ఇందుకే వాయిదా వేశారు. అంత డబ్బున్న లీగే ఆటగాళ్ల కాళ్లకు విలువిచ్చి వెనక్కి తగ్గితే, మన రిఫరీ కాసేపు ఆట ఆపడం నేరమైపోయింది.

ఇక షాట్ క్లాక్ సంగతి. 7 సెకన్లు మిగిలి ఉంటే 14 ఇచ్చారని, ఒక జట్టుకు మేలు చేశారని రాశారు. రాసే ముందు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రూల్ బుక్ తెరిచి చూడాల్సింది. రెండు జట్లకూ సంబంధం లేని కారణంతో ఆట ఆగి, త్రో ఇన్ (గీత బయటి నుంచి బంతిని లోపలికి వేయడం) ఫ్రంట్ కోర్టులో, అంటే ఆ జట్టు బాస్కెట్ వేయాల్సిన సగంలో పడితే, 13 లేదా అంతకన్నా తక్కువ సెకన్లు ఉన్నప్పుడు క్లాక్‌ను 14కు మారుస్తారు. దానివల్ల ఎదుటి జట్టుకు నష్టమని రిఫరీలకు అనిపిస్తే ఆగిన చోటు నుంచే నడిపిస్తారు. ఆ నిర్ణయం వాళ్లదే. రూల్ తెలియకుండా పక్షపాతం అనే మాట ఎలా వాడతారు?

ఆటగాడు కింద పడగానే విజిల్ వేయలేదని జనం కేకలు వేయడం కూడా ఇలాంటిదే. బంతి ఆటలో ఉన్నప్పుడు, అది చేతిలో ఉన్న జట్టు షాట్ వేసేదాకానో, బంతి పోగొట్టుకునేదాకానో రిఫరీలు ఆగాలి. పడినవాడికి ప్రమాదం ఉందనిపిస్తే వెంటనే ఆపవచ్చు. ఈ రెండింటిలో ఏది చేయాలో వాళ్లు పరిగెత్తుతూనే తేల్చుకోవాలి. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు ఆ టెన్షన్ ఉండదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది వేరే. నేల తుడుస్తున్నంతసేపూ నిర్వాహకుల్లో కొందరు స్కోరర్ టేబుల్ చుట్టూ మూగి, క్లాక్ ఎంత పెట్టాలో టైమర్‌కు (గడియారం నడిపే మనిషికి) చెబుతూ నిలబడ్డారు. ఎవరు పిలిచారు వాళ్లను? బయటివాళ్లు టేబుల్ దగ్గర పెత్తనం చేస్తే ఏమవుతుందో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్‌లోనే ప్రపంచం చూసింది. ఆట ముగియడానికి 3 సెకన్లు మిగిలి ఉండగా సోవియట్ జట్టు మీద అమెరికా 50–49తో ముందుంది. టైమ్ అవుట్ విషయమై టేబుల్ దగ్గర గొడవ జరిగి, ఆట 1 సెకను దగ్గర ఆగింది. ఫిబా సెక్రటరీ జనరల్ విలియం జోన్స్ కిందికి దిగివచ్చి 3 సెకన్లు పెట్టమన్నారు. ఆట మధ్యలో అలా చెప్పే అధికారం ఆయనకు లేదు. క్లాక్ సరిగా సెట్ కాకముందే ఆడించారు, బజర్ మోగింది, గెలిచామని అమెరికా వాళ్లు సంబరాలు చేసుకున్నారు. ఆ 3 సెకన్లు మళ్లీ ఆడించారు. సోవియట్ జట్టు 51–50తో గెలిచింది. రిఫరీల్లో ఒకరైన రెనాటో రిగెటో స్కోర్ షీట్ మీద సంతకం పెట్టనన్నారు. అమెరికా ఆటగాళ్లు వెండి పతకాలు ఈనాటికీ తీసుకోలేదు. అంత జరిగినా మనవాళ్లకు బుద్ధి రాలేదు.

రూల్ బుక్‌లో లేని పరిస్థితి ఎదురైతే నిర్ణయం క్రూ చీఫ్‌ది, అంటే రిఫరీల్లో ప్రధానమైనవారిది. నిర్వాహకుల అధ్యక్షుడిదీ కాదు, కార్యదర్శిదీ కాదు. కప్పు బాగుచేయించాల్సిన బాధ్యత మాత్రం కచ్చితంగా వాళ్లదే. నేల తుడవడానికి మనుషులను పెట్టరు, క్లాక్ పాడైతే ఇంకొకటి ఉండదు, టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకు సరైన శిక్షణ ఉండదు. టోర్నమెంట్ బ్యానర్ల మీద ఫొటోలకు మాత్రం ఎప్పుడూ లోటు లేదు. ఏదైనా తేడా వస్తే విజిల్ పట్టుకున్న మనిషిని ముందుకు తోసేస్తారు, పత్రికలూ అతన్నే తిడతాయి. ఇలాగైతే చదువుకున్న కుర్రాళ్లు రేపు రిఫరీ పరీక్ష రాయడానికి ఎందుకు ముందుకొస్తారు?

మీ రిపోర్టులో షాట్ క్లాక్ గురించి రాసిన వాక్యం తప్పు. దానికి సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. కప్పు సంగతి నిర్వాహకులను అడిగి, వాళ్లేమంటారో అది కూడా ప్రచురించండి.

— ఒక పాఠకుడు