బీపీ చూశారు సరే, నాడి పట్టారా?

ఎడిటర్ గారికి,

ఊళ్లలో పెట్టే వైద్య శిబిరాల్లో బీపీ, షుగర్ చూసి చీటీ రాసిచ్చేస్తున్నారు. నాడి పట్టేవాళ్లు తక్కువ. మిషన్ మీద 'పల్స్ 84' అని పడితే దాంతో సరి. ఆ 84 క్రమంగా కొట్టుకున్నదా, ఎలా పడితే అలా కొట్టుకున్నదా అంకెకు తెలియదు. గుండె పై గదులు ముడుచుకోవడం మాని వణుకుతుండే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఇలాగే ఎవరి కంటా పడకుండా దాటిపోతుంది.

మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు. ఎప్పుడో ఒక దెబ్బ ముందుగా పడి చిన్న విరామం వస్తే అది చాలావరకు ఎక్స్‌ట్రా బీట్, ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం ఒకేలా లేకపోతే మాత్రం ఆ రోజే ఈసీజీ తీయించాలి. ఇలాంటివారికి స్టెతస్కోపులో 120 వినిపించినా మణికట్టు దగ్గర 95 అందవచ్చు. కింది గది నిండకముందే ముడుచుకుంటే ఆ దెబ్బ చేతిదాకా రాదు. వేలి ఆక్సిమీటర్ నాడి వేగం తక్కువ చూపేదీ అందుకే. బీపీ కూడా ఒక్కసారి చూస్తే నమ్మలేం, మూడుసార్లు చూసి సగటు తీయాలి.

ఇలా లయ తప్పడానికి కారణాల్లో వయసు, ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ ముందుంటాయి. షుగర్, ఊబకాయం, గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగడం వీటికి తోడు. పండగపూట అతిగా తాగితే మర్నాటికే లయ తప్పవచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా, థైరాయిడ్ తక్కువని వాడే మాత్ర మోతాదు మించినా అంతే. వాంతులు, విరేచనాలతోనో, ఒంటి నీరు తీసే మాత్రలతోనో పొటాషియం పడిపోయినా గుండె తడబడుతుంది. టీ, కాఫీల మీద వేసే నింద చాలామంది విషయంలో అనవసరం.

మన దగ్గర ఇంకో కారణం ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి వెనకాలే వచ్చిన కీళ్లవాతం జ్వరం గుండె ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వును (కవాటాన్ని) దెబ్బతీస్తుంది. అది ఇరుకైతే ఎడమ పై గది ఉబ్బి, ముప్పై, నలభై ఏళ్లకే లయ తప్పుతుంది, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. రక్తం గడ్డకట్టకుండా వీరికి ఆస్పిరిన్ చాలదు. గడ్డకట్టనివ్వని మందుల్లో కొత్తదైన రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ తరహా పాత మందులే మేలని 2022లో ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె) 2-3 మధ్య ఉండేలా పరీక్షలు మానకుండా చేయించాలి. ఈ మందు పనిని తగ్గిస్తాయని తోటకూర, గోంగూర పూర్తిగా మానక్కర్లేదు, ఒక వారం రోజూ తిని మరో వారం ముట్టకపోవడమే చేటు. ఈ మందుతోపాటు కీళ్ల నొప్పులని డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగితే రక్తస్రావం ముప్పు.

దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా గ్యాస్ అని సోడా తాగించకుండా 108కి ఫోన్ చేయాలి.

శిబిరాల చీటీలో బీపీ గడి పక్కన 'నాడి క్రమం: ఉంది / తప్పింది' అని ఇంకో గడి అచ్చువేయించమని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాం.

- ఇద్దరు ఫిజీషియన్లు, గుంటూరు