జపాన్‌లో తయారైందని వెయ్యి డాలర్లు ఎక్కువ పెట్టకు

చిన్నా,

నువ్వు పంపిన రెండు మాజ్డా3 కార్ల వివరాలూ చూశాను. రెండూ 2016 మోడలే. అదే 2 లీటర్ల ఇంజను, అదే ఆరు గేర్ల ఆటోమేటిక్. ఒకదాని విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) జేఎం1తో మొదలైంది, అంటే జపాన్‌లో బిగించింది. రెండోది 3ఎంజెడ్, మెక్సికోది. జపాన్ బండి కాబట్టి వెయ్యి డాలర్లు ఎక్కువైనా పర్వాలేదని మీ రూమ్మేట్ అన్నాడన్నావు. ఆ వెయ్యీ నీ జేబులోనే ఉంచుకో.

ఒకే డ్రాయింగు, ఒకే కొలతలు, ఒకే గేజీలతో చెకింగ్ జరిగే చోట దేశం పేరు వల్ల వచ్చే తేడా చాలా తక్కువ. దీనికి అమెరికాలోనే మంచి రుజువుంది. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఫ్యాక్టరీని టొయోటాతో కలిసి 1984లో నుమ్మీ పేరుతో మళ్ళీ తెరిచారు. పనివాళ్ళలో ఎక్కువమంది పాతవాళ్ళే, మారింది పని పద్ధతి. తప్పు కనిపిస్తే లైను ఆపే అధికారం కార్మికుడికే ఇచ్చారు. తర్వాత ఆ లైను మీదే టొయోటా కరోలా, జనరల్ మోటార్స్ అమ్మిన దాని జంట బండి ప్రిజమ్ రెండూ వచ్చేవి. ఇంజను టొయోటాదే, గేర్‌బాక్సూ టొయోటాదే. అయినా పాత బండ్ల మార్కెట్‌లో ప్రిజమ్ చవకగా పోయేది. తెలిసినవాళ్ళు దాన్నే వెతుక్కుని కొనేవాళ్ళు.

ఇంకో వింత చూడు. నీకు జపాన్ బండి కావాలి, జపాన్ వాళ్ళేమో మన గుర్గావ్‌లో బిగించిన ఐదు తలుపుల జిమ్నీ కోసం ఎగబడ్డారు. 2025 జనవరి చివర్లో సుజుకీ అక్కడ ప్రకటిస్తే నాలుగు రోజుల్లో 50 వేల ఆర్డర్లు దాటిపోయాయి, బుకింగే ఆపేశారు. ‘మేడ్ ఇన్ జర్మనీ’ సంగతీ అంతే. జర్మనీ సరుకు నాసిరకమని జనం గుర్తుపట్టాలని 1887లో బ్రిటన్ చట్టం చేసి వేయించిన ముద్ర అది. ఇప్పుడు ఆ ముద్రకే అదనంగా డబ్బులిస్తున్నాం.

సరే, నీ రెండు బండ్ల దగ్గరికొద్దాం. హిస్టరీ రిపోర్టు ప్రకారం జపాన్ బండి మొదటి ఆరేళ్ళు ఒహాయోలో తిరిగింది. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కింది భాగానికి పట్టి, ఇంజనునూ సస్పెన్షన్‌నూ మోసే సబ్‌ఫ్రేమ్‌నూ, బ్రేకు పైపులనూ, సస్పెన్షన్ బోల్టులనూ తినేస్తాయి. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. తుప్పు పట్టిన బోల్టు ఊడదీయబోతే తెగుతుంది, అరగంట పని మూడు గంటలవుతుంది, ఆ లేబర్ ఛార్జీ నీ మీదే. మెక్సికో బండి మొదటినుంచీ టెక్సాస్‌లోనే ఉంది, ఆయిల్ మార్చిన రికార్డు కూడా వరసగా ఉంది. నా ఓటు దానికే.

అలాగని టెక్సాస్ బండిని కళ్ళు మూసుకుని కొనమనడం లేదు. అక్కడ భయం వరదది, వడగళ్ళది. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగు. లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద గీత కనిపిస్తే ఇక ఆ బండి జోలికి పోకు. సీటు పట్టాల కింద తుప్పు, టెయిల్ ల్యాంపులో తేమ, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన, ఇవీ చూడు. బానెట్ మీద వాలుగా వెలుతురు పడేలా నిలబడితే వడగళ్ళ సొట్టలు తెలుస్తాయి.

తలుపు బరువుగా ‘దభ్’మని పడుతోంది, మంచి బండిలా ఉందని రాశావు. అది కావాలని తయారుచేసిన శబ్దం. రేకు లోపల అతికించే మెత్తటి ప్యాడ్లు, చుట్టూ రబ్బరు, తాళం కొక్కేనికి ప్లాస్టిక్ తొడుగు. వీటికయ్యే ఖర్చు తక్కువ. కొనేవాడు మొదట ముట్టుకునేది తలుపే కాబట్టి కంపెనీలన్నీ అక్కడ బాగా శ్రద్ధ పెడతాయి. దాన్నిబట్టి వాటర్ పంపు సంగతి తెలియదు. తలుపు దగ్గర నువ్వు చూడాల్సింది సందు. ఫెండరుకూ తలుపుకూ మధ్య ఖాళీ పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పులో లేకపోతే గుద్దుకుని బాగుచేసిన బండి కావచ్చు. పెయింటు మందం గేజీ పెడితే ఫ్యాక్టరీ పెయింటు మామూలుగా 100–150 మైక్రాన్లు చూపిస్తుంది. 250 దాటితే మళ్ళీ పెయింటు వేశారు. 500 పైన ఉంటే కింద పుట్టీ ఉంది.

తర్వాత ఇంజను. ముందే వేడిచేసి పెట్టొద్దని అమ్మేవాడికి చెప్పు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే చైను గలగల, నీలం పొగ బయటపడతాయి. బండి కంప్యూటర్లోని తప్పు కోడ్లు చదివే ఓబీడీ రీడరు 20, 25 డాలర్లకు దొరుకుతుంది, కొనుక్కుని వెళ్ళు. తప్పు కోడ్ లేదని సంతోషపడకు, ‘రెడీనెస్ మానిటర్లు’ (బండి తన పరీక్షలు తాను పూర్తిచేసుకుందో లేదో చెప్పేవి) చూడు. చాలావరకు ‘నాట్ రెడీ’ అని ఉంటే కోడ్లు చెరిపేసో, బ్యాటరీ తీసేసో ఎక్కువ కాలం కాలేదన్నమాట. ఇంకో వారం నడిపాక వస్తానని చెప్పు. డాలస్‌లో ఎమిషన్ (పొగ) టెస్టుకూ అవి దాదాపు అన్నీ రెడీగా ఉండాల్సిందే.

టైర్ల మీద ‘డాట్’ (DOT) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చదువు. 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. గాడి లోతుగా ఉన్నా ఆ వయసు టైర్లు మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమను. విన్ నంబరును అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో కొడితే పెండింగ్ రీకాళ్ళు (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి) ఉచితంగా చూపిస్తుంది. ఏ బండయినా ఇది మానొద్దు. ఎయిర్‌బ్యాగులు చేసిన టకాటా కూడా జపాన్ కంపెనీయే, అప్పట్లో పెద్ద పేరే. వేడికీ తేమకూ లోపలి అమ్మోనియం నైట్రేటు పాడై, ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు ఇనుప ముక్కలు చిమ్మేవి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు వెనక్కి పిలిచారు.

అదే ధరకు బీఎండబ్ల్యూ 328ఐ వస్తోందన్నావు. వద్దు. కొత్తలో అంత పలికిన బండి ఈ ధరకు దిగిందంటే ముందున్న రిపేర్లను మార్కెట్టు అప్పుడే లెక్కేసిందని అర్థం. 2012 నుంచి 2015 దాకా వాటిలో వచ్చిన ఎన్20 ఇంజన్లలో టైమింగ్ చైను గైడ్లు ప్లాస్టిక్‌వి, విరిగి ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో పడతాయి, చైను జారితే ఇంజనే పోతుంది. నడపడానికి మాత్రం హాయైన బండి, కాదనను. ఉద్యోగం వచ్చాక, వారంటీ ఉన్నది చూసుకో.

బండి కొన్నాక విడిభాగాల దగ్గరా ఇదే లెక్క. కార్ల కంపెనీ డబ్బాలో వచ్చే స్పార్క్ ప్లగ్గులు చాలావరకు డెన్సోనో, ఎన్‌జీకేనో చేసినవే. తయారీదారు డబ్బాలో అవే తక్కువకు దొరుకుతాయి. కాకపోతే ఆన్‌లైన్లో మరీ చవకగా కనిపించే ఇరీడియం ప్లగ్గుల్లో నకిలీలు ఎక్కువ, పేరున్న షాపులోనే తీసుకో. గేర్‌బాక్సు ఆయిల్లో మాత్రం పొదుపు వద్దు, మాజ్డా చెప్పిన ఎఫ్‌జెడ్ రకమే పోయించు.

డబ్బు కట్టేముందు డీలరుకు సంబంధం లేని మెకానిక్‌తో లిఫ్టు మీద చూపించు. 150, 200 డాలర్లు తీసుకుంటాడు, ఇచ్చెయ్. డీలరు ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చెయ్. లిఫ్టు ఎక్కించినప్పుడు సబ్‌ఫ్రేమ్, బ్రేకు పైపులు, గేర్‌బాక్సు అడుగు ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి. మీకు సాయంత్రమైతే ఇక్కడ పొద్దున్నే కాబట్టి వెంటనే చూసి చెప్తాను.

నాన్న