ట్రైలర్ తీసుకెళ్ళే ముందు ఇది చదువు

అనంతపురం,
జూన్ 14

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. జులై సెలవుల్లో అడిలైడ్ నుంచి ఆస్ట్రేలియా ఎడారిలోని ఊడ్‌నడట్టా ట్రాక్ అనే మట్టి రోడ్డు మీదికి వెళ్తున్నాం, షెడ్డులో ఉన్న, కారు వెనక తగిలించి లాక్కెళ్ళే క్యాంపర్ ట్రైలర్ తీసుకెళ్ళొచ్చా అని అడిగావు. తీసుకెళ్ళు తల్లీ, అది అడగాల్సిన పనే కాదు. కానీ నేనూ అమ్మా ఇక్కడున్నాం. పక్కన నిలబడి ఏది ఎలా తగిలించాలో చూపించే వీలు లేదు. ఫోన్లో చెబితే సగం మాటలు చిన్నోడి అల్లరిలో కలిసిపోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

"చిన్నప్పుడు వెళ్ళిన ఆ ట్రిప్‌లో దారి మధ్యలో ఆగి పడుకున్న రాత్రే నాకు అన్నిటికన్నా ఇష్టం, చిన్నోడికి కూడా అది చూపించాలి" అని రాశావు. ఆ రాత్రి సంగతి నీకు నేను ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరు. ఇప్పుడు స్టీరింగ్ నీ చేతిలో ఉండబోతోంది కాబట్టి చెప్పాలి.

ఆ రాత్రి మనం అక్కడ ఆగాలని ఆగలేదు. ఆ పొద్దున విలియం క్రీక్‌లో డీజిల్ పోయించుకుంటున్నప్పుడు ట్రైలర్ ఎడమ చక్రం దగ్గర కాలిన గ్రీజు వాసన వచ్చింది. చెయ్యి పెట్టి చూడాల్సింది. చూడలేదు. చీకటి పడేలోపు ఆల్జెబకినా వంతెన చేరాలని తొందరపడ్డాను. మధ్యాహ్నం మూడింటప్పుడు వెనక గరగరమని శబ్దం మొదలైంది. అద్దంలో చూస్తే ఎడమ చక్రం ఊగుతోంది. దిగి చూస్తే బేరింగ్ నుగ్గునుగ్గయింది. చేతులు కడుక్కుందామని ట్యాంకు కుళాయి తిప్పితే చుక్క రాలేదు. అడుగున ఉన్న పైపును ఎక్కడో రాయి కొట్టి విరగ్గొట్టింది. నింపుకొచ్చిన 80 లీటర్లూ దారి పొడవునా కారిపోయాయి. వెనక లేచే దుమ్ములో నాకు ఏమీ కనబడలేదు.

బయల్దేరే ముందు అమ్మ 20 లీటర్ల క్యాన్లు రెండు నింపి కారులో పెట్టింది. ట్యాంకు ఉంది కదా, బరువెందుకు అని నేను వద్దన్నాను. అమ్మ వినలేదు. ఆ రాత్రి మన నలుగురికీ ఉన్న నీళ్ళు అవే. మీ ఇద్దరికీ దుప్పటి కప్పి, ఆకాశంలో పాలపుంత చూపిస్తూ అమ్మ కథలు చెబుతుంటే నేను ట్రైలర్ వెనక కూర్చుని లెక్క వేసుకుంటున్నాను. తలా ఐదు లీటర్లు అనుకుంటే రెండు రోజులు. చలికాలం కాబట్టి ఆ లెక్క. అదే జనవరి అయితే ఆ నీళ్ళు ఒక్క రోజుకు కూడా చాలవని భయం. ఊడ్‌నడట్టాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదయింది. ఆ ఊరు అప్పటికి మనకు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది.

మర్నాడు పది గంటలకు కారవాన్‌తో వెళ్తున్న ఒక పెద్దాయన, ఆయన భార్య ఆగారు. నా దగ్గర కొత్త బేరింగులు ఉన్నాయి కానీ గ్రీజు లేదు, పాతది ఊడగొట్టే పనిముట్లు లేవు. ఆయన దగ్గర రెండూ ఉన్నాయి. రెండు గంటలు మట్టిలో పడుకుని, బిగించి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. అమ్మ కలిపిన చిత్రాన్నం మాత్రం ఇద్దరూ తిన్నారు. నీకు ఆయన టోపీ గుర్తుందేమో.

అందుకే ముందుగా రెండు మాటలు చెబుతున్నాను. నీళ్ళన్నీ ఒకేచోట పెట్టకు. ట్యాంకు నిండా ఉన్నా సరే, కనీసం 40 లీటర్లు క్యాన్లలో కారులో ఉండాలి. ఇక కారు ఆగిన ప్రతిసారీ దిగి ట్రైలర్ రెండు చక్రాల హబ్ మీదా, అంటే మధ్య భాగం మీద, చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ఒకదానికన్నా ఇంకొకటి బాగా వేడిగా ఉన్నా అక్కడి నుంచి కదలొద్దు. అలాగే ప్రతి పొద్దునా చక్రాల నట్లు స్పానర్‌తో బిగించి చూడు. ఆ దారి కుదుపుకు అవి వదులవుతాయి. ఈసారి గ్రీజు డబ్బా, బేరింగులు, సుత్తి, పంచ్ అన్నీ ఎర్ర పెట్టెలో ఉంచాను. బయల్దేరే ముందు ట్రైలర్‌ను ఒకసారి మెకానిక్‌కి చూపించు. బేరింగులకు గ్రీజు మార్చి రెండేళ్ళయింది.

మీ జేజినాయన పల్లె నుంచి కదిరికి వేరుశనక్కాయల బస్తాలు బండి మీద తోలేవాడు. ఇరుసుకు కందెన పెట్టకుండా బండి కట్టడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. బస్తాలు వేసేటప్పుడు నన్ను కాడి దగ్గర నిలబెట్టేవాడు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింద తాడు బిగుసుకుంటుంది. ముందు ఎక్కువైతే మెడలు కందిపోతాయి. "కాడి ఎత్తి చూడు, చేతికి తెలుస్తుంది" అనేవాడు. ట్రైలర్ లెక్క కూడా అంతే తల్లీ. కారు కొక్కెం మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో పదోవంతు దగ్గర ఉండాలి. మన ట్రైలర్ సామానుతో కలిపి 1,300 కిలోలు తూగితే కొక్కెం మీద 130 కిలోలు. దాన్ని చూసే చిన్న కాటా షెడ్డు గోడకు తగిలించి ఉంది. ట్రైలర్ ముందున్న రేకు మీద 1,400 అని రాసి ఉంది. సామాను, నీళ్ళు, గ్యాసు, అన్నీ కలిపి అది దాటకూడదు. బియ్యం, డబ్బాలు, పనిముట్లు లాంటి బరువైనవన్నీ ఇరుసు మీదుగా, కింద సర్దు. వెనక చివర్లో సైకిళ్ళు వేలాడదీస్తానని అల్లుడు అన్నాడట. వద్దని చెప్పు. వెనక బరువు పడితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది.

ఒకవేళ ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకు. చెయ్యి, కాలు రెండూ తొక్కమనే చెబుతాయి, వాటి మాట వినకు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదిలెయ్యి. డాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకుల కంట్రోలర్ ఉంది, దాని మీటను మెల్లగా నొక్కితే ట్రైలర్ చక్రాలు మాత్రమే ఆగుతూ ట్రైలర్‌ను వెనక్కి లాగి తిన్నగా చేస్తాయి. పోర్ట్ అగస్టా వరకూ ఉన్న తారు రోడ్డు మీద రోడ్ ట్రెయిన్ పక్కనుంచి దూసుకెళ్ళినప్పుడు ఇలా జరగొచ్చు. ఒకదాని వెనక ఒకటి ట్రైలర్లు లాగే ఆ లారీలు కొన్ని ఆ రోడ్డు మీద 36 మీటర్ల పొడవుంటాయి. బయల్దేరే ముందు ఆదివారం ఏదైనా ఖాళీ పార్కింగులో రివర్స్ కూడా నేర్చుకో. స్టీరింగ్‌ను కింద భాగంలో పట్టుకుంటే నీ చెయ్యి ఎటు వెళ్తే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది. అల్లుడు కూడా నేర్చుకోవాలి. రోజంతా ఒక్కరే నడిపితే అలసట.

ట్రాక్ మొదటి ఊరు మారీ చేరకముందే మట్టి రోడ్డు మొదలవుతుంది. మారీ నుంచి ట్రాక్ చివరి ఊరు మార్లా వరకూ 600 కిలోమీటర్ల పైమాట. రోడ్డంతా రేకుల కప్పు మీద నడిపినట్టు ఉంటుంది. మట్టి రోడ్డు ఎక్కగానే టైర్లలో గాలి తగ్గించు. తారు మీద 40 పీఎస్ఐ ఉంటే నేను కారుకు 28, ట్రైలర్‌కు 26కు దించేవాణ్ణి. గాలి తగ్గితే టైరు రాయి మీద కాస్త ఒదిగి కూర్చుంటుంది, కుదుపు తగ్గుతుంది. కానీ అదే గాలితో వేగం పెంచితే టైరు వేడెక్కి చిరిగిపోతుంది. 70 దాటకు. 80, 90లో వెళ్తే గతుకులు తెలియవని చాలామంది చెబుతారు, కారులో కూర్చున్నవాళ్ళకు తెలియవు, నిజమే. ఆ దెబ్బలన్నీ వెనక ట్రైలర్ తింటుంది. నేను ఆ రోజు 85లో వెళ్ళాను.

ఎదురుగా పెద్ద బండి వస్తే ఎడమకు తీసి ఆగిపో. దుమ్ము అణిగేదాకా కదలకు, దాని వెనక ఇంకొకటి ఉండొచ్చు. యూహెచ్ఎఫ్ రేడియో 40వ ఛానెల్‌లో పెట్టుకుంటే లారీవాళ్ళ మాటలు వినిపిస్తాయి. నాలుగున్నరకల్లా టెంటు వేసెయ్యండి. పొద్దు వాలాక కంగారూలు, ఆవులు రోడ్డెక్కుతాయి, ట్రైలర్ ఉన్నప్పుడు స్టీరింగ్ పక్కకు తిప్పి తప్పించుకోవాలని చూస్తే బోల్తా పడతారు. వాన పడితే ఆ మట్టి జిగురు. రోడ్డు మూసేస్తారు, ఎక్కడున్నారో అక్కడే ఉండండి. రెండు రోజులు ఎక్కువైనా పర్వాలేదు, సెలవు పెట్టుకుని వెళ్ళండి.

ఇంత చెప్పాక భయపెట్టానని అనుకోకు. ఆ దారి నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. మారీలో ఆగి మట్టితో కట్టిన ఆ చిన్న మసీదు చిన్నోడికి చూపించు. రైలు రాకముందు ఆ ఎడారిలో సామాన్లు మోసింది ఒంటెలు. వాటిని తోలడానికి బలూచిస్తాన్ నుంచి, సింధు నుంచి, పంజాబు నుంచి, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన వాళ్ళందరినీ అక్కడివాళ్ళు 'ఆఫ్ఘన్లు' అనే పిలిచారు. తర్వాత ఆ దారిలో నడిచిన ఘాన్ రైలుకు ఆ మాట నుంచే పేరు వచ్చిందంటారు. మనకన్నా నూరేళ్ళ ముందు మన వైపు నుంచి వచ్చి అక్కడ బరువులు లాగిన మనుషులు వాళ్ళు. అక్కడ నిలబడితే మీ జేజినాయనే గుర్తొస్తాడు నాకు. ఆ పాత రైలు దారి 1980లో మూతపడింది. 1892లో కట్టిన ఆల్జెబకినా వంతెన మాత్రం 578 మీటర్ల పొడవునా అలాగే ఉంది.

కోవర్డ్ స్ప్రింగ్స్ చేరే ముందు బబ్లర్ అనే ఊట దగ్గర ఆగండి. చుట్టూ ఉప్పు నేల, మధ్యలో ఇసుకను తోసుకుంటూ నీళ్ళు ఉడికినట్టు పైకి వస్తుంటాయి. ఆస్ట్రేలియాలో ఐదోవంతు నేల కింద ఉన్న, తమంతట తామే పైకి ఉబికే ఆర్టీసియన్ నీళ్ళు అవి. ఎన్నో వందల కిలోమీటర్ల దూరాన కురిసిన వాన ఎన్నో యుగాలు నేలలో నడిచి అక్కడ తేలుతుంది. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప రాని ఊళ్ళో పుట్టినవాణ్ణి, ఆ ఊట దగ్గర నేను మాట్లాడలేకపోయాను. అది అక్కడి ఆదివాసులైన అరబానా ప్రజలకు పవిత్రమైన చోటు. చిన్నోణ్ణి చెక్క దారి దిగనివ్వకు. విలియం క్రీక్ చుట్టూ ఉన్న అన్నా క్రీక్ పశువుల క్షేత్రం ఒక్కటే మన పాత అనంతపురం జిల్లాలో ముప్పావు వంతు కన్నా పెద్దదని చెబితే అల్లుడు నమ్మడు, మ్యాపు చూపించు.

లేక్ ఐర్ ఒడ్డుకు, హాలిగన్ బే వైపు మాత్రం ట్రైలర్‌తో వెళ్ళకండి. 1998 డిసెంబర్‌లో ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక జంట బండి అక్కడ ఇసుకలో కూరుకుపోయింది. ఇద్దరూ విలియం క్రీక్‌కు నడక మొదలుపెట్టారు, దాదాపు 60 కిలోమీటర్లు. అబ్బాయి మధ్యలో బండి దగ్గరికి తిరిగి వచ్చాడు, బతికాడు. ఆ అమ్మాయి ముందుకు నడిచింది. దారి పక్కన చనిపోయి కనిపించింది. నీ వయసుకు దగ్గర పిల్ల. ఏం జరిగినా కారును, ట్రైలర్‌ను వదలొద్దు. మనిషి కన్నా బండి పైనుంచి తొందరగా కనబడుతుంది, నీడ ఉంటుంది, నీళ్ళు ఉంటాయి. నువ్వు వదలవని నాకు తెలుసు. ఎవరో ఒకరు సాయానికి నడిచి వెళ్ళొస్తామంటారు, ముందు అల్లుడే అంటాడు. ఆపు. ప్రమాదంలో నొక్కే ఆ పసుపు బీకన్ అద్దెకు తీసుకోండి, అది నీ మెడలో ఉండాలి, ట్రైలర్ పెట్టెలో కాదు.

మనిద్దరం ఒక ఒప్పందం చేసుకుందాం. మారీ నుంచి బయల్దేరేటప్పుడు ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసి మెసేజ్ పెట్టు. మార్లా చేరాల్సిన రోజు మీ టైము సాయంత్రం 6 అంటే మాకు మధ్యాహ్నం 2. ఆ టైముకి ఫోన్ రాకపోతే ఆ రాత్రంతా ఎదురుచూస్తాను. మర్నాడు మీ టైము పొద్దున 9 దాటితే అక్కడి పోలీసులకు ఫోన్ చేస్తాను. దానికి నువ్వు కోప్పడకూడదు. ఆలస్యమై ఎక్కడైనా ఆగాలనిపిస్తే, సిగ్నల్ ఉన్న ఊళ్ళోనే ముందు చెప్పు.

ట్రైలర్ కొక్కెం తాళంచెవి వంటింట్లో పై అరలో, పసుపు డబ్బా వెనక ఉంది. కొక్కెం వేశాక గొలుసు తగిలించడం మర్చిపోకు. తర్వాత జాకీ చక్రం పైకి ఎత్తావో లేదో కిందికి వంగి చూడు. ట్యాంకు పైపుకు నేను ఇనుప రేకు కట్టాను, అది గట్టిగానే ఉంది, అయినా ప్రతి సాయంత్రం కుళాయి తిప్పి చూడు. క్యాన్లలో నీళ్ళు ఎవరు నింపుతారని అమ్మ ఇప్పుడే అడిగింది. నువ్వే నింపుతావని చెప్పాను.

మీ నాన్న