ఊడని వీల్ నట్టు గురించి కేంద్ర రవాణా మంత్రి గారికి తిరుపతి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారం సార్. తెలుగులోనే రాస్తున్నాను, నాకు జరిగింది నా భాషలో అయితేనే సరిగ్గా చెప్పగలను, మీ శాఖలో చదివి మీకు చెప్పేవాళ్లు ఉంటారనే నమ్మకం ఉంది. ఒక్క ముక్కలో నేను అడిగేది ఇదీ: కారు చక్రం నట్టు ఊడిపోవడం ఎంత ప్రమాదమో, ఊడదీయాల్సిన చోట ఊడకపోవడం కూడా అంతే ప్రమాదం, దాన్ని మీ శాఖ లోపంగా గుర్తించాలి. ఇది చిన్న విషయమని పక్కన పెట్టకండి, కాస్త ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మదనపల్లెలో మా పిన్నమ్మ కూతురి సీమంతానికి వెళ్లి, సాయంత్రం అమ్మను, నా భార్యను, ఎనిమిదేళ్ల పాపను ఎక్కించుకుని తిరుపతికి బయలుదేరాను. పీలేరు దాటేసరికే చీకటి పడింది. భాకరాపేట దాటి ఘాట్‌లో దిగుతుంటే ఎడమ పక్క వెనక టైరు గాలి పోయింది. ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, ఎదురొచ్చే లారీ లైటు పడేదాకా మలుపులో ఏముందో తెలియదు. ఆపడానికి కాస్త చోటు దొరికేదాకా రెండు మలుపులు గాలి లేని టైరు మీదే నడిపాను. స్టెప్నీ ఉంది, అందులో గాలి కూడా ఉంది, జాకీ ఉంది, కంపెనీ ఇచ్చిన వీల్ స్పానర్ ఉంది. టైరు మార్చడం నాకు కొత్త కాదు, ఇరవై నిమిషాల పని. వెనకాల కొంచెం దూరంలో ఎర్ర త్రికోణం పెట్టి, జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేద్దామని వంగాను. స్పానర్ నట్టు మీద కూర్చోలేదు.

ఫోను లైటు వేసి చూశాను. ఐదు నట్లలో మూడు ఉబ్బి ఉన్నాయి. పైన మెరిసే తొడుగు పూరీ పొంగినట్టు పొంగి, ఆరు మూలలూ గుండ్రంగా తయారయ్యాయి. ఒకదానికి అంచు దగ్గర సన్నగా చీలి, ఆ చీలికలోంచి తుప్పు నీళ్లు కారి ఎండిపోయిన ఎర్రటి చార రిమ్ము మీద ఉంది. కొన్నప్పటినుంచి ప్రతి వారం ఆ కారు కడుగుతున్నాను సార్, ఆ చార చూశాను కూడా, మట్టేమో అనుకుని తుడిచేశాను.

ఒక లారీ ఆగింది. క్లీనర్ అబ్బాయి సుత్తితో స్పానర్‌ను కొట్టి కూర్చోబెట్టడానికి చూశాడు. రెండో దెబ్బకు స్పానర్ ఎక్కింది, తిప్పితే తిరిగింది, అమ్మయ్య అనుకున్నాం. తీరా చూస్తే తిరిగింది తొడుగు మాత్రమే. అది చిరిగి చేతిలోకి వచ్చేసింది, లోపలి నట్టు తుప్పు పట్టి, సైజు తగ్గి, ఉన్నచోటే ఉంది. ఇప్పుడు అదే స్పానర్ దాని మీద లొడలొడలాడుతోంది. ఒక నట్టుకేమో స్పానర్ చిన్నది, దాని పక్క నట్టుకు అదే స్పానర్ పెద్దది! ఈలోగా అమ్మ, పాప రోడ్డు దిగి ఒక బండరాయి పక్కన నిలబడ్డారు. వచ్చే ప్రతి బండికీ నా భార్య ఫోను లైటు ఊపుతూనే ఉంది. "నాయినా, బండి ఇక్కడే వదిలేసి ఏదో ఒక బస్సు ఎక్కేద్దాం రా" అని అమ్మ రెండుసార్లు అంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, అంతసేపు నిలబడలేదు.

చివరికి అటుగా వెళ్తున్న ఒకాయన భాకరాపేటలో పంక్చర్లు వేసే మనిషికి చెప్పి పంపితే, ఆయన టీవీఎస్ మీద ఒక గోతం సంచిలో పాత సాకెట్లు వేసుకుని వచ్చాడు. ఉలితో మిగతా రెండు తొడుగులూ చీల్చి పీకేశాడు. లోపలి నట్టు కంటే ఒక పిసరు చిన్న సాకెట్‌ను సుత్తితో బలవంతంగా దిగ్గొట్టి, రాడ్డుకు ఇనుప పైపు తగిలించి, దాని మీద నిలబడి తిప్పాడు. ఒక్కొక్కటీ కీచుమని అరుస్తూ వదిలింది. "అన్నా, ఇది ఒక నట్టు కాదు, రెండు. లోపల నట్టు వేరే, పైన టోపీ వేరే. నీ తప్పు ఏం లేదు, ఈ టోపీ నట్లు అన్నీ ఇంతే" అన్నాడు. మొత్తం రెండున్నర గంటలు పట్టింది సార్, ఘాట్ మలుపులో, రాత్రి పూట.

ఆయన చెప్పిందే అసలు సంగతి. లోపల మామూలు ఉక్కు నట్టు, దాని మీద అందం కోసం స్టెయిన్‌లెస్ స్టీలుదో క్రోమ్‌దో పల్చటి రేకు తొడుగు నొక్కి బిగిస్తారు. రెండింటి మధ్య వెంట్రుకంత సందు చాలు, నీళ్లు దూరతాయి, దూరితే ఆరవు. రెండు వేరు వేరు లోహాలు తడిలో ఆనుకుని ఉంటే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది, తుప్పేమో ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, దాంతో పైరేకు ఉబ్బుతుంది. ఇందులో డ్రైవరు చేసేదేమీ లేదు. మా ఊళ్లో 2021 నవంబరులో వచ్చిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, వీధులు చెరువులయ్యాయి, నా కారు కూడా చక్రాలు మునిగేదాకా నీళ్లలో ఉంది. దానివల్లే అని కంపెనీ అనొచ్చు. వానలో తడిస్తే పాడైపోయే నట్టును కారు చక్రానికి ఎలా పెడతారు? ఒకే ముక్కగా, తొడుగు లేకుండా చేసే గట్టి నట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. చూడ్డానికి అంత మెరవవు, అంతే తేడా.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. వాళ్లు చెప్పింది మూడు మాటలు. వారంటీ అయిపోయిందన్నారు, నిజమే, 2019లో కొన్న బండి. నట్లు అరిగిపోయే సామాను కిందికి వస్తాయన్నారు, అది నాకు అర్థం కాలేదు, నట్టు ఏమన్నా బ్రేక్ ప్యాడా అరగడానికి? మూడోది, బయట టైర్ల షాపులో ఎయిర్ గన్‌తో బిగించి ఉంటారు, అందుకే ఇలా అయిందన్నారు. వాళ్ల దగ్గర సర్వీసు చేయించినప్పుడు కూడా ఎయిర్ గన్‌తోనే బిగించడం నేను అద్దంలోంచి చూశాను. ఎయిర్ గన్ తప్పే, కాదనను. చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, గన్‌తో దానికి రెండింతలు బిగిస్తే స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, సాగుతుంది, ఒకరోజు తెగుతుంది. కానీ ఎంత బిగించినా ఇనుము ఉబ్బదు కదా. కొత్త నట్లు ఇరవై వేయించుకోమన్నారు, అవీ మళ్లీ టోపీవే. నేను వద్దన్నాను.

రేణిగుంట రోడ్డులో నేను ఎప్పుడూ వెళ్లే టైర్ల షాపు ఒకటుంది. అక్కడికి వెళ్లి జరిగింది చెప్తే, ఆయన ఏమీ మాట్లాడకుండా బల్ల కింద నుంచి ఒక పెయింటు డబ్బా తీసి చూపించాడు. సగానికి పైగా చిరిగిన క్రోమ్ టోపీలే. ఒక కంపెనీవి కావు, రకరకాల కార్లవి. "ఊడదీసేటప్పుడు వచ్చేస్తాయి సామీ, ఊరికే పారేయడం ఎందుకని ఇందులో వేస్తా ఉంటా" అన్నాడు. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీశాను, కాగితమంత పల్చగా ఉంది, లోపలంతా పొడిపొడిగా తుప్పు. ఆ టోపీ ఊడిన కార్ల ఓనర్లలో ఎంతమంది ఎక్కడైనా ఫిర్యాదు చేసి ఉంటారని అడిగితే ఆయన నా వైపు చిత్రంగా చూశాడు. ఎవరు చేస్తారు సార్, నట్టు గురించి?

అక్కడే ఇద్దరు టాక్సీ డ్రైవర్లు ఉన్నారు. రోజూ కొండకు యాత్రికులను తీసుకెళ్లేవాళ్లు. ఎక్కేటప్పుడు 28 నిమిషాల కంటే ముందు, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు చేరకూడదని కొండ మీద నియమం, అంత జాగ్రత్తగా నడిపే రోడ్డు అది. దిగే మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేసింది, మలుపు మీద మలుపు. వాళ్లలో ఒకతను చెప్పిన మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. తన బండికీ ఇలా ఉబ్బితే, స్పానర్ సగమే కూర్చుంటోందని తెలిసి కూడా, టూరు ఉందని అలాగే బిగించుకుని కొన్నాళ్లు తిప్పాడట. ఉబ్బిన నట్టుతో ఉన్న రెండో ప్రమాదం ఇదీ. స్పానర్ సరిగ్గా పట్టనప్పుడు విప్పడమే కాదు, బిగించడం కూడా కుదరదు. బిగిసిందని చేతికి అనిపిస్తుంది, నిజానికి జారుతూ ఉంటుంది. లోపల యాత్రికులు గోవిందా గోవిందా అంటూ కూర్చుని ఉంటారు, చక్రం ఎంత బిగువుతో ఉందో ఆ డ్రైవరుకు కూడా తెలియదు.

పోనీ, తొడుగు ఊడిన నట్టు బదులు ఇంకోటి వేసుకుందామంటే అక్కడ ఇంకో టెన్షన్. చాలా మారుతి కార్లకు స్టడ్డు 12 మిల్లీమీటర్ల మందం, మర గీతల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, చాలా హ్యుందాయ్, టయోటా కార్లకు అదే మందం, కానీ మర దూరం 1.5. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకటి రెండుసార్లు తిరుగుతాయి కూడా, తర్వాత మర చెడిపోతుంది. రోడ్డు పక్క చీకట్లో ఎవరో దయతలచి ఇచ్చిన నట్టు ఏ మరదో ఎవరు చూస్తారు?

ఇది మన దగ్గరే పుట్టిన సమస్య కూడా కాదు. అమెరికాలో ఫోర్డ్ కార్ల ఓనర్లు సరిగ్గా ఇదే ఫిర్యాదుతో, ఉబ్బిన టోపీ నట్లతో, కోర్టుకెక్కారు. నా కారు ఆ కంపెనీది కాదు, ఏ కంపెనీదో ఇక్కడ రాయడం కూడా నా ఉద్దేశం కాదు, పెయింటు డబ్బా చూశాక ఇది ఒక కంపెనీ సంగతి కాదని తెలిసిపోయింది. నేను గమనించింది వేరే. అక్కడ రోడ్డు భద్రత సంస్థకు ఒక్క మనిషి ఫిర్యాదు పెట్టినా అది వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. ఎవరి కారు నట్టు ఎప్పుడు ఉబ్బిందో ఇంకో ఊళ్లో ఇంకో ఓనరుకు తెలుస్తుంది, నాకొక్కడికే కాదన్నమాట అనుకుంటాడు, తనూ రాస్తాడు.

మన దగ్గరా చట్టం ఉంది సార్, మీ హయాంలోనే వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ పెట్టారు, లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి, మీరు చెప్పి రీకాల్ చేయించాల్సి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. మంచి చట్టం, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఓనర్ల ఫిర్యాదుల మీద అది కదలాలంటే ఒక లెక్క దాటాలి, ఎక్కువగా అమ్ముడయ్యే కార్లకైతే ఆ లెక్క వెయ్యికి పైనే ఉంది. బండి వయసు ఏడేళ్లు దాటితే ఆ నియమం వర్తించదు. తుప్పు ఏడాదిలో పట్టేది కాదు కదా సార్! నాలుగేళ్లకో ఐదేళ్లకో బయటపడుతుంది, ఆ తర్వాత వెయ్యి మంది ఓనర్లు ఒకరి గురించి ఒకరికి తెలియకుండా ఒకే మోడల్ మీద ఫిర్యాదులు పెట్టాలి, ఇదంతా గడువులోపే జరగాలి. నా కారుకు ఆ గడువు దగ్గరపడింది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని మా వకీలు స్నేహితుడు చెప్పాడు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదన్నాడు. వెళ్తే వెళ్తాను. కానీ అక్కడ గెలిస్తే నా ఇరవై నట్ల డబ్బులు, మహా అయితే ఇంకొంత పరిహారం నాకు వస్తాయి. రేపు మొగిలి ఘాట్‌లోనో, పుత్తూరు రోడ్డులోనో టైరు పంక్చరయ్యే మనిషికి ఏం వస్తుంది? అందుకే మీకు రాస్తున్నాను.

కారు రిమ్ముకు ఐఎస్‌ఐ మార్కు ఉండాలని ప్రభుత్వమే పట్టుబట్టింది. ఆ రిమ్మును పట్టి ఉంచే నట్టు మీదా అంతే పట్టుదల చూపించండి. రెండు ముక్కల టోపీ నట్టును కొత్త కార్లకు వాడొద్దని చెప్పండి, కనీసం ఇన్నేళ్లు వాననీళ్లకు, బోరు నీళ్లకు తట్టుకోవాలని పరీక్ష పెట్టండి. పరీక్షించే సంస్థల ద్వారా కూడా లోపం మీ దృష్టికి రావచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి వెయ్యి మంది కోసం ఎదురు చూడక్కర్లేదు, తిరుపతిలోనో చిత్తూరులోనో పది టైర్ల షాపులకు మీ మనుషులను పంపి ఆ డబ్బాలు తెప్పించుకుని పరీక్ష చేయించండి. ఫిర్యాదు పెట్టే చోటు కూడా మనిషికి అందేలా ఉండాలి. పోర్టల్ ఉంది, నిజమే, కానీ ఆ పంక్చర్ షాపు ఆయనకు, ఆ టాక్సీ డ్రైవరుకు అది ఉందనే తెలియదు, తెలిసినా ఇంగ్లీషులో నింపలేరు. ఆర్టీవో ఆఫీసులో తెలుగులో రాసిచ్చిన కాగితం తీసుకుని ఎక్కించే ఏర్పాటు చేస్తే చాలు. వచ్చిన ఫిర్యాదులు అందరూ చూసేలా పెట్టండి, ఇది మాత్రం వెంటనే చేయగలిగిన పని.

నా కారుకు ఇప్పుడు ఒకే ముక్క నట్లు వేయించాను, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో, పక్కపక్కవి కాకుండా నక్షత్రం వరసలో బిగించమని దగ్గరుండి చెప్పి మరీ. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూపించుకున్నాను. ఈ లేఖ చదివే కార్ల ఓనర్లు కూడా ఈ ఆదివారం ఒక పది నిమిషాలు కేటాయించి మీ కారు స్పానర్ అన్ని నట్ల మీదా సరిగ్గా కూర్చుంటోందో లేదో చూసుకోండి, స్టెప్నీలో గాలి ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ఉబ్బినవి కనపడితే ఫోటో తీసి, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాకే మార్పించుకోండి.

మంత్రి గారూ, నేను నా ఫిర్యాదు పెట్టేశాను. ఆ రాత్రి చిరిగిన మూడు టోపీలూ ఒక కవర్‌లో వేసి కారు డ్యాష్‌బోర్డు అరలో ఉంచాను, మీ శాఖ వాళ్లు అడిగితే పోస్టులో పంపిస్తాను. జవాబు హిందీలో రాసినా ఇంగ్లీషులో రాసినా చదివించుకుంటాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక కారు ఓనరు